రాయి మీద ఏం రాయాలి

సేత్తూరులో మా మామ ఇంటి వెనక కొబ్బరి తోపు. తోపు దాటితే పడమటి కొండలు. ఆ తోపులో సగం అమ్మి, వచ్చిన డబ్బంతా కోయిల పక్కన పిల్లల కోసం కట్టే గదికి ఇచ్చేశారు ఆయన. మేం చర్చిని కోయిల అనే అంటాం. ఇంట్లో తెలుగు, కోయిల్లో తమిళం, బైబిలు తమిళం. రాజపాళెం చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ రెండు నాలుకల బతుకు కొత్తేమీ కాదు.

గది పూర్తయింది. వాకిలి పక్క గోడలో రాయి బిగించడానికి చోటు కూడా వదిలారు. దాని మీద ఏం చెక్కాలో రాసిమ్మని రాళ్లాయన రెండుసార్లు కబురు పెట్టాడు. మామ రాసివ్వలేదు. అత్త పోయి ఏడాది దాటింది. ముప్ఫై ఏళ్లు ఆమె సాయంత్రం పూట ఇంటి ముందు వేపచెట్టు కింద వీధిలోని పిల్లల్ని కూర్చోబెట్టుకుని పాఠం చెప్పింది, కథ చెప్పింది, ప్రార్థన నేర్పింది. ఆ రాయి మీద అత్త పేరు ఉండాలని నా పట్టు. ఏ పేరూ వద్దని మామ పట్టు. హైదరాబాదు నుంచి నేను బయల్దేరి వెళ్లింది ఈ మాట తేల్చుకోవడానికే. ఆ రాత్రి అరుగు మీద జరిగిన సంభాషణ గుర్తున్నంతవరకు ఇక్కడ పెడుతున్నాను. మామ మాటల్లో సగం తమిళం. దాన్ని మాత్రం తెలుగు చేశాను.

మామ: చెక్కేదేమీ లేదు పాపా. గది కట్టినాము. పిల్లలు వచ్చి కూర్చుంటారు. అంతటితో సరి.

నేను: ఎవరి జ్ఞాపకంగా కట్టారో తెలియొద్దా మామా?

మామ: దేవునికి తెలుసు.

నేను: దేవుడు మర్చిపోతాడని ఎవరూ రాయి పెట్టరు. మర్చిపోయేది మనం. ఇంకో పదేళ్లకు ఆ గదిలో కూర్చునే పిల్లకు అత్త ఎవరో తెలియదు.

మామ: తెలియకపోతే ఏమి నష్టం? ధర్మం చేసేటప్పుడు కుడిచెయ్యి చేసింది ఎడమచెయ్యికే తెలియకూడదని ప్రభువు చెప్పినాడు. నువ్వు గోడకు కూడా చెప్పమంటావు.

నేను: ఆ మాట ఇచ్చేవాళ్లకు చెప్పింది. డబ్బు ఇచ్చింది మీరు. మీ పేరు వద్దంటే నోరెత్తను. అత్త పేరు వద్దనడానికి మీకేం హక్కుంది?

తెన్‌కాశి రోడ్డు మీద బస్సు పోయిన చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆయన మాట్లాడలేదు. నేను గట్టిగా అన్నానేమోనని నాకే అనిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు.

మామ: అబ్షాలోము కథ చదివినావు గదా. తన పేరు నిలబెట్టే కొడుకు లేడని రాజు లోయలో తనకు తానే స్తంభం ఎత్తించుకున్నాడు. చివరికి చెట్టుకు వేలాడి చచ్చినాడు. శవాన్ని అడివిలో గుంతలో వేసి, పైన రాళ్లు కుప్ప పోసినారు. గుంత మీది కుప్ప ఒక వచనంలో, స్తంభం దాని తరవాతి వచనంలో. రాసినవాడు ఊరికే అట్లా పక్కపక్కన పెట్టలేదు.

నేను: అదే బైబిల్లో యెహోషువ యొర్దాను నది నడిమధ్య నుంచి పన్నెండు రాళ్లు మోయించుకొచ్చి గిల్గాలులో నిలబెట్టించాడు. ఎందుకు? రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడగాలి, తండ్రులు నది ఎట్లా దాటామో చెప్పాలి. పిల్లలు అడగడానికే రాయి.

మామ: ఆ పన్నెండు రాళ్ల మీద ఎవరి పేరన్నా ఉండెనా?

లేదు. నా దగ్గర జవాబు లేదు. గోత్రానికొక రాయి, అంతే. మోసిన పన్నెండుమంది పేర్లూ ఆ అధ్యాయంలో లేవు. ఆయన గెలిచానన్నట్టు చూడలేదు. చెంబులో నీళ్లు నా వైపు జరిపారు.

మామ: నేను మిల్లులో 38 ఏళ్లు పని చేసినాను. రింగ్ ఫ్రేం మీద నూలు తెగతానే ఉంటుంది. తెగినచోట అతకాలి. అతికినట్టు కనపడితే అది చెడ్డ అతుకు. ముడి తేలిన నూలు మగ్గం మీద ఇబ్బంది పెడుతుంది. చేత్తో తడిమినా దొరకని అతుకు వేసే పిల్లలు ఉండిరి. వాళ్లదే మంచి చెయ్యి అనేవాళ్లం. మీ అత్త చెయ్యి అట్లాంటిది.

నేను: అదే మిల్లులో కోన్ లోపల చీటీ అతికించేవాళ్లు కదా మామా. కౌంట్ ఎంత, ఏ లాట్, అన్నీ ఉండేవి. మీరే నా చిన్నప్పుడు చూపించారు. నూలు ఎక్కడ పుట్టిందో తెలియకుండా మిల్లు బయటికి పంపదు.

మామ: అది సరుకుకు పాపా.

నేను: పిల్లలు సరుకు కంటే తక్కువా? వాళ్లలో ఉన్న విశ్వాసం ఎక్కడ పుట్టిందో వాళ్లకు తెలియొద్దా?

ఆయన దీనికి నేరుగా జవాబు చెప్పలేదు. ఊళ్లో అందరికీ తెలిసిన ఇంటి సంగతి తీశారు.

మామ: పి.ఎస్. కుమారస్వామి రాజా మన రాజపాళెం మనిషి, మన మాదిరే తెలుగిల్లు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. ఆపైన ఒరిస్సా గవర్నరు. ఆయన కన్న ఊరికి తన ఇల్లే ఇచ్చేసినాడు. దాని పేరేమి? గాంధీ కలై మన్రం. తన పేరు కాదు. క్రైస్తవుడు కాని మనిషికే ఆ బుద్ధి ఉంటే, మనకు ఎంత ఉండాల? ఇంకోటి విను. మీ అత్తను నేను దోనావూరు తీసుకుపోయినాను, మీ పెద్దబావ పుట్టక ముందు. అక్కడ పిల్లల్ని సాకిన ఎమీ కార్మైకేల్ దొరసాని సమాధి చూసినాము. 1951లో పోయింది ఆమె. సమాధి మీద రాయి పెట్టొద్దని ముందే చెప్పిందంట. పిల్లలు పక్షులు నీళ్లు తాగే రాతి తొట్టి పెట్టి, దాని మీద అమ్మ అని ఒక్క మాట చెక్కించినారు. మీ అత్త ఆ తొట్టి దగ్గర చానాసేపు నిలబడింది. బస్సెక్కినాక అనింది, మనిషికి ఇంత చాలు అని. ఇప్పుడు చెప్పు, హక్కెవరిది?

ఇది నాకు తెలియని సంగతి. అత్త స్వయంగా అన్న మాట. అయినా ఒప్పుకోలేకపోయాను. ఎందుకో అప్పటికప్పుడు చెప్పగలిగాను, ఆ క్షణానికి నాకే ఆశ్చర్యంగా.

నేను: మామా, ఆ దొరసాని ముప్ఫైకి పైగా పుస్తకాలు రాసింది. ప్రతి అట్ట మీదా ఆమె పేరుంది. లండన్‌లో తెలుసు, అమెరికాలో తెలుసు. కుమారస్వామి రాజా పేరు ముఖ్యమంత్రుల వరసలో ఎప్పటికీ ఉంటుంది. పేరున్నవాళ్లు పేరు వద్దనుకోవచ్చు, అది వాళ్ల గొప్పతనం. మా అత్త పేరు ఏ పుస్తకంలో ఉంది? రేషన్ కార్డులో, ఓటర్ల జాబితాలో తప్ప? లేనిదాన్ని ఎట్లా వదులుకుంటుంది? ఇంకొకటి. తనకు రాయి వద్దన్న ఆ దొరసానే మన పక్కన శివకాశిలో పోయిన రాగ్లండ్ గురించి పుస్తకం రాసింది. తన పేరు పోయినా పర్లేదనుకున్న మనిషి ఆయన పేరు పోకూడదనుకుంది.

రాగ్లండ్ గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. తామస్ గజెటన్ రాగ్లండ్ కేంబ్రిడ్జ్‌లో గణితం చదివి నాలుగో స్థానంలో నిలిచినవాడు. కార్పస్ క్రిస్టి కాలేజీలో ఫెలో. 1854 నుంచి ఉత్తర తిరునెల్వేలి పల్లెల్లో గుడారాలు వేసుకుని తిరిగాడు. అప్పట్లో మా సేత్తూరు కూడా తిరునెల్వేలి జిల్లాలోదే. 1858 అక్టోబరు 22న శివకాశిలో 43 ఏళ్ల వయసులో ప్రాణం విడిచాడు. నేలలో పడి చచ్చే గోధుమ గింజ మాట ఆయనకు ఊరికే ప్రసంగం కాదు, పని పద్ధతి. బతికుండగా కళ్లజూసిన పంట తక్కువే. ఇవాళ శివకాశి పక్కన సాచ్చియాపురం ఉంది. ఆ ఊరి పేరులోనే సాక్షి అన్న మాట ఉంది.

మామ: గోధుమ గింజ అన్నావు. మొలక వచ్చినాక గింజను వెతికేవాళ్లు ఉంటారా? తవ్వి చూసినా తొక్కే దొరుకుతుంది.

నేను: విత్తనం ఏదో తెలియకపోతే మరుసటి ఏడు ఏం చల్లుతారు?

మామ ఈసారి నవ్వారు. తోపు చూసుకునే మనిషికి ఆ మాట నచ్చింది.

మామ: నువ్వు దోర్నకల్ పోయినావు గదా. అజరయ్య అయ్యవారి కోయిల చూసినావు. ఆయన ఏం చేసినాడో నాకు చెప్పు, నువ్వు చూసినదాన్ని బట్టి.

దోర్నకల్ నా జీవితంలో పెద్ద సంగతే. తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది 24 ఏళ్లకు, హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక. అప్పటిదాకా తెలుగు నాకు నోట్లో ఉందే గాని కంట్లో లేదు. నేర్చుకున్న ఏడాదే దోర్నకల్ వెళ్లాను. వేదనాయకం శామ్యూల్ అజరయ్య మా పాత జిల్లా మనిషి. 1874లో వెళ్లాళన్‌విళైలో పుట్టిన తమిళుడు. వై.ఎం.సి.ఎ.లో మంచి పదవి. 1902లో యాళ్పాణం (శ్రీలంకలోని జాఫ్నా) వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ ఖర్చుతో సువార్తికుణ్ణి పంపుతున్నారని చూసి, మన తిరునెల్వేలి ఎందుకు పంపకూడదని మథనపడ్డాడు. మరుసటి ఏడే ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. అది ఎంచుకున్న పొలం నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలు. 1909లో, 35 ఏళ్ల వయసులో, పదవి వదిలి తానే దోర్నకల్ వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు. గుమ్మటాలు, మినార్లు, గుడి స్తంభాలు కలిసిన ఆ కథీడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న ఆయన పోయాడు. దాని లోపల నిలబడ్డప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఒకటే. ఈయన మా భాష నేర్చుకోవడానికి ఉత్తరానికి పోయాడు, మేం దక్షిణాన కూర్చుని ఆయన భాషలో బైబిలు చదువుతున్నాం.

ఇదంతా మామతో చెప్పాను.

మామ: సరే. ఆయన వదిలిపోయింది ఏది? ఆ కోయిలా?

నేను: కోయిల ఒక్కటే కాదు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చెయ్యి వాళ్ల తలమీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని వాళ్ల నోటనే అనిపించేవాడట. మాల మాదిగ పల్లెల్లో అక్షరం రానివాళ్లు కూడా ఆ మాట అన్నారు, అన్నట్టే చేశారు. 1941 నాటికి ఆ డయోసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు.

మామ: నువ్వే నా మాట చెప్తివి. రాయి కాదు, మనుషులు.

నేను: ఆగండి. ఆయన కంటే అయిదేళ్ల ముందు, 1904లో, అదే సొసైటీ పంపగా ఒక్కడే దోర్నకల్ వెళ్లినాయన శామ్యూల్ పాకియనాదన్. మీకు ఆ పేరు తెలుసా?

మామ: లేదు.

నేను: ఆ రెండు లక్షల్లో ఏ పల్లెలో ఏ ఆడమనిషి మొదట నమ్మిందో, ఎవరు తన పిల్లలకు నేర్పిందో తెలుసా? మనుషులు మిగిలారు సరే, వాళ్లను నిలబెట్టినవాళ్లు మిగల్లేదు. పౌలు అట్లా వదల్లేదు మామా. తిమోతికి రాసేటప్పుడు అతని విశ్వాసం ఎక్కడ మొదలైందో పేర్లతో రాశాడు. అవ్వ లోయి, తల్లి యునీకే. తెలుగు బైబిల్లో అవ్వ అనే మాటే ఉంది, మన ఇంట్లో అనేదే. చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. రోమా పత్రిక చివర ఎంతమంది పేర్లు! ఆ ఉత్తరం చేత్తో రాసిన తెర్తియు కూడా నడిమధ్యలో దూరి, రాసింది నేనే, మీకు వందనం అని తన పేరు పెట్టుకున్నాడు. పౌలు కొట్టెయ్యలేదు.

మామ: బేతనియలో ప్రభువు తల మీద అత్తరు పోసిన ఆమె ఉంది గదా. సువార్త చెప్పిన ప్రతి చోటా ఆమె చేసింది చెప్పుకుంటారని ప్రభువే అన్నాడు. మార్కు ఆ మాట రాసి, ఆమె పేరు రాయలేదు. పని నిలిచింది, పేరు నిలవలేదు. ప్రభువు మాట తప్పలేదు.

నేను: యోహాను రాశాడు. మరియ అని.

మామ: రాసినాడు. (కాసేపాగి) రాసినాడు, నిజమే.

ఆ తర్వాత మామ చెప్పింది నేను ఊహించింది కాదు. ఆయన కోయిల కమిటీలో పాతికేళ్లు ఉన్న మనిషి. ఆదివారం ఆరాధన తప్పిన రోజు నాకు గుర్తులేదు.

మామ: నేను ఎందుకు వద్దంటున్నానో చెప్తాను, విను. కోత పండక్కి ఎవరెవరి కానుక ఎంతో మైకులో చదువుతారు. నా పేరు మొదటి అయిదులో రావాలని లెక్క వేసుకుని ఇచ్చేవాణ్ణి నేను. పక్కవాడు ఎంత ఇస్తున్నాడో ముందుగానే కనుక్కునేవాణ్ణి. మైకులో నా పేరు వినపడితే లోపల ఒక తీపి. ఆ తీపి కోసం పాతికేళ్లు ఇచ్చినాను. దాన్నే నేను భక్తిలో ఎదగడం అనుకుంటిని. మీ అత్త మంచం పట్టిన ఎనిమిది నెలలు నేను పొయ్యి దగ్గర నిలబడినాను, బతుకులో మొదటిసారి. ఆమెకు చెయ్యి లేవదు. తల దువ్వినాను, అంబలి కాచి తాపినాను. రెండో రోజో మూడో రోజో, బియ్యం కడగతా ఉంటే మంచం మీద నుంచి అడిగింది, పిడికెడు తీసినావా అని. ఏమి పిడికెడు అంటిని. ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తుంది కోయిలకని. నలభై ఏళ్లు నా ఇంట్లో ఆ కుండ ఉండింది. నేను చూడలేదు. మన బియ్యమే కొలిచి తినే రోజుల్లో కూడా వేసిందంట. నాకు ఆకలైన పూట నా పళ్లెంలో తగ్గలేదు. మరి ఎవరి పళ్లెంలో తగ్గిండాల? ఆ ప్రశ్న వచ్చిన రోజు నుంచి నేను ప్రార్థన చెయ్యడం నేర్చుకుంటున్నాను, 68 ఏళ్లకు. పేరు నాకు పట్టిన జబ్బు పాపా. దాన్ని తీసుకుపోయి ఆమె రాయికి అంటించొద్దు.

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. ఆ మాటల ముందు నా వాదమంతా చిన్నదిగా కనిపించింది. కానీ ఆయన చెప్పినదాంట్లోనే ఒక ముల్లు ఉంది. అది నన్ను వదల్లేదు.

నేను: మామా, ఆ కుండలో బియ్యం పండక్కి కోయిలకు పోయినప్పుడు, మైకులో ఎవరి పేరు చదివేవాళ్లు?

ఆయన నా వైపు చూశారు.

మామ: ఇంటిపెద్ద పేరే చదువుతారు.

నేను: మీ పేరు.

మామ: నా పేరు.

నేను: నలభై ఏళ్లు ఆమె పిడికిలి మీ పేరు మీద పోయింది. మీకు పేరు జబ్బే కావచ్చు. ఎక్కువ తిన్నవాడికి పస్తు మందు. అసలు తినని మనిషికి కూడా అదే మందు వేస్తారా?

చాలాసేపు కూర్చున్నాం. ఆ మాట అన్నందుకు నాకు బాధగానే ఉంది. భార్య పోయిన మనిషికి చెప్పాల్సిన మాటేనా అని ఇప్పటికీ అనుకుంటాను. అయినా ఆ రాత్రి అది చెప్పకుండా ఉంటే అబద్ధం చెప్పినట్టే అయ్యేదని నా నమ్మకం. వినయం గురించి మన సంఘాల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాను. వాటిని వింటూ వెనక బెంచీల్లో, చాపల మీద కూర్చున్న ఆడవాళ్లకు తగ్గించుకోవడానికి ఇంకా ఏం మిగిలిందో అడిగినవాళ్లను చూడలేదు.

మామ లేచి లోపలికి వెళ్లారు. పడుకోవడానికి వెళ్లారనుకున్నాను. పాత మిల్లు డైరీలు నాలుగైదు, చీర పీలికతో కట్టినవి, తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

మామ: బీరువా సర్దతా ఉంటే దొరికినాయి. వేపచెట్టు కింద పిల్లల లెక్క. చూడు, నా మాట నిజమో కాదో. ఏ పేజీలోనన్నా తన పేరుందేమో వెతుకు. అట్ట మీద కూడా లేదు.

విప్పి చూశాను. అత్తకు తెలుగు రాయడం రాదు. తెలుగు మాటలే తమిళ అక్షరాల్లో రాసింది. తేదీ, ఆ రోజు వచ్చిన పిల్లల పేర్లు, ఎవరికి జ్వరం, ఎవరు పలక తేలేదు, ఎవరి కోసం ప్రార్థించాలి. మా దగ్గర పేరు ముందు తండ్రి పేరులోని అక్షరం పెడతారు. అత్త అట్లా పెట్టలేదు. ప్రతి పిల్ల పేరు పక్కన తల్లి పేరు పూర్తిగా రాసింది. సాయంత్రం పిల్లను దింపి, కూలి డబ్బులతో అంగడికి పోయి, మళ్లీ వచ్చి తీసుకుపోయేది తల్లే కదా. పేజీల నిండా తల్లులూ పిల్లలూ. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు, మామ చెప్పినట్టే.

మామ: చూస్తివా.

నేను: చూశాను. పేరు అక్కర్లేదనుకునే మనిషి ముప్ఫై ఏళ్లు రోజూ ఇన్ని పేర్లు ఎందుకు రాస్తుంది మామా?

ఆయన డైరీ తీసుకుని దీపం వైపు తిప్పి పేజీలు తిరగేశారు. కళ్లద్దాలు లేవు. ఆ అక్షరాలు ఆయనకు కనిపించవని నాకు తెలుసు.

మామ: రాళ్లాయనకు ఇంకో వారం ఆగమని చెప్పు.

నేను: ఏం రాయమంటారు?

మామ: అది తరవాత. ముందు మొదటి పేజీ నుంచి చదువు. పిల్ల పేరూ, తల్లి పేరూ, రెండూ.

చదివాను. ఒక్కో పేరుకూ ఆయన ఎవరో చెప్పారు. ఇప్పుడు తిరుప్పూరులో బనియన్ కంపెనీలో ఉంది, ఈమె తల్లి మా మిల్లులోనే కోన్ వైండింగ్‌లో చేసేది, వీడు పోయినాడు, ఈ పిల్ల నర్సు అయింది. మూడో పేజీలో ఒక తల్లి పేరు దగ్గర ఆగిపోయారు. మళ్లీ చదవమన్నారు, చదివాను. ఎంత ఆలోచించినా ఆమె ఎవరో గుర్తుకు రాలేదు.

మామ: ఆ పేజీ మడిచిపెట్టు. పొద్దున్నే కింది వీధికి పోయి అడుగుదాము.